శిక్షణలో శ్రామికుడి మాట: ఖతార్ ప్రజా రవాణాపై ఒక సమీక్ష

ఖతార్ కార్మిక చట్టంలో పెద్దగా ఎవరూ పట్టించుకోని నిబంధన ఒకటుంది. 2004 నాటి 14వ నంబరు చట్టం ప్రకారం 30 మంది, అంతకు మించి పనివాళ్లున్న సంస్థలో యాజమాన్యం తరఫున కొందరు, కార్మికుల తరఫున అంతే మంది కూర్చునే జాయింట్ కమిటీ పెట్టుకోవచ్చు. పని ఏర్పాట్లు, ఉత్పాదకత, ప్రమాదాల నివారణ, తగాదాల పరిష్కారం వంటివి ఆ కమిటీ మాట్లాడవచ్చు. ఆ జాబితాలోనే కార్మికుల శిక్షణ కార్యక్రమాలు అన్న మాట కూడా ఉంది. బస్సు డ్రైవరుకు ఏం నేర్పాలో, ఎన్నాళ్లు నేర్పాలో తేల్చే చోట డ్రైవరు కూడా కూర్చోవచ్చని ఆ దేశపు చట్టమే ఒప్పుకుంది.

గల్ఫ్ కార్మికుల గురించి మన పత్రికల్లో వచ్చే రాతల్లో ఎక్కువ భాగం ఏజెంటు మోసాలు, ఆగిపోయిన జీతాలు, క్యాంపుల్లో ఇబ్బందులు, శవపేటికల చుట్టూ తిరుగుతుంది. అవన్నీ రాయాల్సినవే. కానీ నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కడప, రాయచోటి, కోనసీమల నుంచి వెళ్లిన మనిషి అక్కడ ఏ పని నేర్చుకున్నాడు, ఎవరు నేర్పారు, ఆ నేర్పు అతని సొంతమైందా అన్న ప్రశ్న మాత్రం మిగిలిపోతోంది. ప్రజా రవాణా రంగంలో ఈ ప్రశ్న మరీ ముఖ్యం. అక్కడ డ్రైవరు పొరబడితే ప్రయాణికుల ప్రాణాలు పోతాయి. అతని నేర్పు పెరిగితే నగరమంతా సుఖపడుతుంది.

ఇరవై ఏళ్లలో కట్టిన వ్యవస్థ

ఖతార్‌లో ప్రజా రవాణాకు వయసు తక్కువ. ప్రభుత్వ రవాణా సంస్థ మొవాసలాత్ 2004లో మొదలైంది. జనం దాన్ని కర్వా అన్న పేరుతోనే ఎరుగుదురు. టాక్సీలు, బస్సులు, డ్రైవింగ్ స్కూలు అన్నీ ఆ పేరు మీదే నడుస్తాయి. ఖతార్ రైల్ సంస్థ 2011లో వచ్చింది. దోహా మెట్రో రెడ్ లైన్‌లో తొలి భాగం 2019 మే నెలలో తెరుచుకుంది. ఆ ఏడాది ముగిసేలోపు గోల్డ్, గ్రీన్ లైన్లు కూడా నడిచాయి. 37 స్టేషన్ల ఆ మెట్రోలో రైలుకు డ్రైవరు ఉండడు. లుసైల్ ట్రామ్ 2022 జనవరిలో మొదలైంది. అదే ఏడాది నవంబరు 20 నుంచి డిసెంబరు 18 దాకా జరిగిన ఫుట్‌బాల్ ప్రపంచ కప్ కోసం చైనాలోని యుటాంగ్ కంపెనీ నుంచి వందల ఎలక్ట్రిక్ బస్సులు దిగాయి. వాటిని నిలిపి చార్జింగ్ పెట్టేందుకు లుసైల్‌లో కట్టిన డిపో 478 బస్సులు పట్టేంత పెద్దది. ప్రపంచంలో అతి పెద్ద ఎలక్ట్రిక్ బస్సు డిపోగా అది గిన్నిస్ రికార్డుకెక్కింది.

మెట్రోను, ట్రామ్‌ను నడిపే బాధ్యత ఆర్‌కేహెచ్ ఖితారాత్ అనే ఉమ్మడి సంస్థది. స్థానిక హమద్ గ్రూప్‌తో ఫ్రాన్సుకు చెందిన ఆర్‌ఏటీపీ దేవ్, కియోలిస్ చేతులు కలిపి దాన్ని పెట్టాయి. 2017లో కుదిరిన ఒప్పందం 20 ఏళ్లకు. ఈ కియోలిస్ మనకు కొత్తది కాదు. హైదరాబాద్ మెట్రో నిర్వహణ కోసం ఎల్ అండ్ టీ 2012లో ఒప్పందం చేసుకున్నది ఈ కంపెనీతోనే. అమీర్‌పేట స్టేషన్‌లోనూ దోహాలోని ముషేరిబ్ స్టేషన్‌లోనూ పని పద్ధతుల వెనక ఒకే కంపెనీ అనుభవం ఉందన్నమాట. అందుకే హైదరాబాద్‌లో మెట్రో పని నేర్చిన తెలుగు యువతకు దోహా దారి కొత్తగా ఉండదు.

ఇంత తక్కువ కాలంలో ఇంత పెద్ద వ్యవస్థను నిలబెట్టినవాళ్లలో అత్యధికులు వలస కార్మికులు. భారత్, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక, పాకిస్తాన్, ఫిలిప్పీన్స్, కెన్యా వంటి దేశాల మనుషులు. ఒక్కొక్కరిది ఒక్కో భాష, ఒక్కో రోడ్డు అలవాటు. వీళ్లందరికీ ఒకే పాఠం ఒకే తీరున చెబితే అందరికీ అందదు.

డ్రైవింగ్ వస్తే సరిపోదా?

మన దగ్గర పదేళ్లు లారీ నడిపినవాడికి అక్కడ మళ్లీ శిక్షణ ఎందుకని చాలామంది అడుగుతారు. మొదటి జవాబు రోడ్డే చెబుతుంది. మనం రోడ్డుకు ఎడమ పక్కన నడుపుతాం, అక్కడ కుడి పక్కన నడపాలి. స్టీరింగ్ ఎడమ వైపుకి మారుతుంది. రౌండబౌట్‌లోకి దూరే దిశ, అద్దంలో చూసే తీరు, ఓవర్‌టేక్ చేసే అలవాటు అన్నీ తిరగబడతాయి. ఇక్కడి లైసెన్సు చూపించి అక్కడ బస్సు ఎక్కడం కుదరదు. ఖతార్ లైసెన్సు పరీక్షలో నెగ్గాల్సిందే.

అదయ్యాక అసలు పని మొదలవుతుంది. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఎండ, ఒక్కసారిగా కమ్ముకొచ్చే ఇసుక తుఫాను, చలికాలం తెల్లవారుజామున దట్టమైన పొగమంచు. ఎలక్ట్రిక్ బస్సుకు బ్రేకు వేసే తీరు వేరు. యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీసిన వెంటనే బస్సు మందగించి, ఆ ఊపులోంచి కొంత కరెంటు తిరిగి బ్యాటరీకి చేరుతుంది. ఆ లయ పట్టుకున్న డ్రైవరు ఒక చార్జింగ్‌తో ఎక్కువ దూరం పోతాడు, పట్టుకోలేనివాడు ప్రయాణికులను కుదుపుతాడు. గ్యారేజీలో మెకానిక్‌కు ఎలక్ట్రిక్ బస్సు మరమ్మతు ప్రాణాంతకమైన పని. డీజిల్ ఇంజిన్ దగ్గర చేయి పొరబడితే గాయమవుతుంది. వందల వోల్టుల బ్యాటరీ దగ్గర పొరబడితే మనిషే దక్కడు. సరఫరా ఆపడం, తాళం వేయడం, మీటరుతో పరీక్షించాకే ముట్టుకోవడం అన్న క్రమం ఒంటబట్టాలి.

ఇక మనుషులతో పని. వీల్‌చెయిర్ ప్రయాణికుడికి ర్యాంపు దించాలి. అరబీ, ఇంగ్లిష్, హిందీ, మలయాళం మాట్లాడే జనానికి ఒక్క ముక్కలో దారి చెప్పాలి. ఆగ్రహంతో ఉన్నవాడిని శాంతింపజేయాలి. రాత్రి డ్యూటీ దిగి క్యాంపుకు చేరి, ఎనిమిది మంది పడుకునే గదిలో నిద్రపట్టక, మర్నాడు స్టీరింగ్ పట్టే మనిషి అలసటను ఏ పాఠ్యపుస్తకమూ తనంతట తాను పసిగట్టలేదు. ఏ స్టాపు దగ్గర మూల ప్రమాదకరం, ఏ ట్రిప్పులో టైమింగ్ అందుకోవడం అసాధ్యం, ఏ టెర్మినల్‌లో మూత్రవిసర్జనకు చోటు లేదు అన్నవి డ్రైవరుకు తెలిసినంత బాగా ఏ అధికారికీ తెలియవు. శిక్షణ ప్రణాళిక ఆ ఎరుక లేకుండా తయారైతే సగమే తయారైనట్టు.

చట్టం ఇచ్చిందేమిటి, ఇవ్వనిదేమిటి

ఇక్కడ ఖతార్ పరిస్థితిని ఉన్నదున్నట్టు చూడాలి. ఆ దేశంలో వలస కార్మికుడికి యూనియన్ పెట్టుకునే హక్కు లేదు. కార్మిక కమిటీలు పెట్టుకునే వీలు ఖతారీ పౌరులకే, అదీ 100 మంది ఖతారీ కార్మికులున్న సంస్థలోనే. సమ్మె హక్కు పేరుకు ఉన్నా ఆసుపత్రులు, విద్యుత్తు, నీరు, ఓడరేవులు, విమానాశ్రయాలతో పాటు రవాణాలోనూ సమ్మె నిషిద్ధం. సంఘం పెట్టుకునే స్వేచ్ఛ, సామూహిక బేరసారాల హక్కులకు సంబంధించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడికలు 87, 98లను ఖతార్ ఆమోదించలేదు. కాబట్టి అమెరికాలోనో ఫ్రాన్సులోనో కార్మిక, యాజమాన్య భాగస్వామ్యం అంటే వచ్చే అర్థం ఇక్కడ వర్తించదు.

ఉన్న దారి జాయింట్ కమిటీ ఒక్కటే. చాలాకాలం అది కాగితం మీదే ఉండిపోయింది. అంతర్జాతీయ కార్మిక సంస్థతో 2017లో సహకార ఒప్పందం కుదిరి, 2018లో దోహాలో దాని కార్యాలయం తెరుచుకున్నాక కదలిక వచ్చింది. ప్రతినిధుల ఎన్నిక ఎలా జరగాలో చెబుతూ 2019లో 21వ నంబరు మంత్రిత్వ నిర్ణయం వెలువడింది. ఆ కార్యాలయంతో కలిసి అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య, భవన నిర్మాణ కార్మికుల సమాఖ్య వంటివి తమ అనుసంధాన అధికారులను దోహాలో ఉంచి కార్మికులతో మాట్లాడుతూ వచ్చాయి. ప్రపంచ కప్ నాటికి 70కి పైగా సంస్థల్లో జాయింట్ కమిటీలు ఏర్పడ్డాయి.

వీటన్నిటికీ ముందు నడిచింది రవాణా నిర్మాణ రంగమే. లుసైల్ ట్రామ్ పనులు, మెట్రో రెడ్ లైన్ దక్షిణ భాగపు పనులు చేసిన క్యూడీవీసీ సంస్థలో 2016లోనే కార్మిక ప్రతినిధుల ఎన్నిక జరిగింది. ఫ్రెంచి కంపెనీ విన్సీ అందులో భాగస్వామి. మరుసటి ఏడాది నవంబరులో విన్సీ, క్యూడీవీసీ, భవన నిర్మాణ కార్మికుల సమాఖ్య జెనీవాలో ఒప్పందం మీద సంతకాలు చేశాయి. వలస కార్మికులు ఓటు వేసి తమవాడిని ఎన్నుకుంటే కంపెనీ కూలిపోదని ఆ అనుభవం చూపింది.

పరిమితులు కూడా చెప్పుకోవాలి. జాయింట్ కమిటీ సిఫారసు చేయగలదు, నిర్ణయించలేదు. పనివాళ్లు 500 దాటిన సంస్థలో చట్టం చెప్పిన సభ్యుల సంఖ్య ఎనిమిది, అందులో కార్మికుల వాటా నలుగురు. వేల మంది డ్రైవర్లున్న సంస్థకు నలుగురు గొంతులు ఏ మూలకు? అందునా ఎన్నికైన కొత్తలో కమిటీల ముందుకు సహజంగా వచ్చేవి మెస్ తిండి, గదులు, జీతం తేదీ, సెలవు, ఓవర్‌టైమ్ (ఓటీ). కడుపు, పడక తేలకుండా పాఠాల గురించి మాట్లాడమంటే ఎవరూ మాట్లాడరు. అలా శిక్షణ చట్టపు జాబితాలోనే మిగిలిపోతుంది, ఎజెండాలోకి రాదు.

ఇతర చోట్ల ఏం చేశారు

అమెరికాలోని పెన్సిల్వేనియాలో 2001లో కీస్టోన్ ట్రాన్సిట్ కెరీర్ లాడర్ పార్ట్‌నర్‌షిప్ మొదలైంది. ఫిలడెల్ఫియా రవాణా సంస్థ సెప్టా, అక్కడి రవాణా కార్మిక సంఘం కలిసి మొదట చేసిన పని ఒకటే: గ్యారేజీలోకి వస్తున్న ఎలక్ట్రానిక్ పరికరాల మీద ఎవరికి ఎంత పట్టుందో ఉమ్మడిగా లెక్క తీయడం. ఆ లెక్క యాజమాన్యం ఒక్కటే తీస్తే పనివాడు దాన్ని తన ఉద్యోగానికి పెట్టిన గురిగా చూస్తాడు. సంఘం కూడా పక్కన కూర్చుంటే తన లోటు తానే చెప్పుకుంటాడు. ఈ తేడా మీదే ఉమ్మడి శిక్షణ నిలబడుతుంది.

కాలిఫోర్నియాలో శాంటా క్లారా వ్యాలీ రవాణా సంస్థ, ఏటీయూ అనే రవాణా కార్మిక సంఘపు 265వ స్థానిక శాఖ 2006 నుంచి ఉమ్మడి కార్యక్రమం నడుపుతున్నాయి. కొత్త డ్రైవరుకు అనుభవజ్ఞుడైన డ్రైవరును మెంటార్‌గా జతచేయడం అందులో గుండెకాయ లాంటిది. ప్రయాణికుడితో గొడవ, కుటుంబానికి దూరం చేసే షిఫ్టులు, నడుం నొప్పి గురించి కొత్తవాడు అధికారికి చెప్పలేనిది మెంటార్‌కు చెబుతాడు. ఈ తరహా పనులన్నిటికీ తోడ్పాటుగా అమెరికా ఫెడరల్ ప్రభుత్వం 2021లో జాతీయ కేంద్రాన్నే నెలకొల్పింది.

ఖతార్‌కు మరింత దగ్గరి ఉదాహరణ సింగపూర్. అక్కడా బస్సు డ్రైవర్లలో వలసవాళ్లు చాలామంది ఉన్నారు. 2012 నవంబరులో ఎస్‌ఎంఆర్‌టీ సంస్థలోని 171 మంది చైనా డ్రైవర్లు జీతాల్లో తేడా, వసతి బాధల మీద డ్యూటీకి రాలేదు. కొందరు జైలుకు వెళ్లారు, 29 మందిని స్వదేశానికి పంపేశారు. వినే వేదిక లేనప్పుడు బాధ ఎలా బయటపడుతుందో ఆ ఘటన చెప్పింది. నాలుగేళ్ల తరవాత అక్కడ బస్సు డ్రైవర్ల కోసం సింగపూర్ బస్ అకాడమీ మొదలైంది. ప్రభుత్వం, సంస్థలు, సంఘం కలిసి నడిచే సింగపూర్ త్రైపాక్షిక పద్ధతి లోపాలు లేనిది కాదు. అయినా డ్రైవరు పనిని ఒక వృత్తిగా, మెట్లున్న జీవనంగా చూడటం అక్కడ సాధ్యమైంది.

మన ఆర్టీసీ నేర్పిన పాఠం

ఈ విషయంలో మన దగ్గర ఉన్న అనుభవాన్ని తక్కువ చేసుకోనక్కర్లేదు. 1932లో నిజాం రాజ్య రైలు, రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైంది. 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్టీసీ ఏర్పడింది. ఆర్టీసీలో సేఫ్టీ డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టర్ చాలావరకు తానూ స్టీరింగ్ పట్టి వచ్చిన మనిషి. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తోందో చూసే కేఎంపీఎల్ లెక్క మీద డ్రైవరుకు పక్కన కూర్చుని నేర్పుతాడు. హకీంపేటలో శిక్షణ సంస్థ ఉంది. ప్రమాదం లేకుండా దశాబ్దాలు నడిపిన డ్రైవర్లను సత్కరించే ఆనవాయితీ ఉంది. పనిచేసినవాడే పని నేర్పాలన్న సూత్రం మన డిపోల్లో ఎప్పుడో వేళ్లూనుకుంది.

భారత చట్టంలోనూ ఆ ఆలోచన పాతదే. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం 100 మంది పనిచేసే చోట వర్క్స్ కమిటీకి వీలు కల్పించింది. 42వ సవరణతో రాజ్యాంగంలోకి వచ్చిన 43ఏ అధికరణం పరిశ్రమల నిర్వహణలో కార్మికుల భాగస్వామ్యాన్ని ఆదేశిక సూత్రంగా చెప్పింది. కానీ కమిటీ ఉన్నంత మాత్రాన నమ్మకం ఉండదని 2019 చూపింది. తెలంగాణ ఆర్టీసీలో సుమారు 48 వేల మంది అక్టోబరు 5 నుంచి 52 రోజులు సమ్మె చేశారు. అది ముగిశాక యూనియన్ల స్థానంలో డిపోల వారీ ఉద్యోగుల సంక్షేమ మండళ్లు వచ్చాయి. కార్మికుడు ఎంచుకున్న వేదికకు, కార్మికుడి కోసం ఇంకొకరు ఎంచిన వేదికకు మధ్య ఉన్న దూరాన్ని డిపోల్లో ఉన్నవాళ్లు అప్పుడే గుర్తించారు. ఖతార్ జాయింట్ కమిటీలను తూచడానికి కూడా ఇదే తూనికరాయి. రహస్య ఓటుతో ఎన్నికైన మనిషి అందులో ఉంటేనే ఆ కమిటీ మాట శిక్షణ గదిలో చెల్లుతుంది.

అభ్యంతరాలు

యాజమాన్యాలు చెప్పే మొదటి మాట ఖర్చు పెట్టి నేర్పితే వెళ్లిపోతారని. 2020 సవరణలతో పాత యజమాని నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) లేకుండానే, నోటీసు ఇచ్చి కంపెనీ మారే వీలు కలిగింది. దాంతో ఈ భయం పెరిగింది. అయితే మనిషిని పట్టి ఉంచే దారి అతని పాస్‌పోర్టు దాచుకోవడంలో లేదు. ఏడాదిలో మెంటార్, మూడేళ్లలో ఇన్‌స్ట్రక్టర్, ఆపై సూపర్‌వైజర్ అయ్యే దారి కళ్లెదుట ఉన్న డ్రైవరు వంద రియాళ్ల కోసం పక్క కంపెనీకి పోడు. అందుకు మెట్లు ముందుండాలి.

రెండోది, వలస కార్మికులు రెండేళ్లకో అయిదేళ్లకో వెళ్లిపోయేవాళ్లు, వాళ్లతో కమిటీలెందుకని. మెట్రో నిర్వహణ ఒప్పందమే 20 ఏళ్లది. ప్రతి బృందమూ మొదటి నుంచి అవే తప్పులు చేసి నేర్చుకోవాల్సి వస్తే ఆ మూల్యం ప్రయాణికులు చెల్లిస్తారు. మనుషులు మారేకొద్దీ వాళ్ల అనుభవాన్ని దాచే వ్యవస్థ మరింత అవసరం.

కార్మికుల పక్క నుంచీ ఒక అభ్యంతరం ఉంది. చాలా చోట్ల ప్రమాదమో ఫిర్యాదో వచ్చాక శిక్షకు మారుపేరుగా శిక్షణకు పంపుతారు. డ్యూటీ పోయి ఓటీ పోయి వెళ్లాల్సిన క్లాసును ఎవరు ఇష్టపడతారు? ఈ అనుమానం న్యాయమైనది. శిక్షణ గంటలకు జీతం ఉండాలి, దాని ఫలితాన్ని క్రమశిక్షణ చర్యకు వాడకూడదు. ఈ రెండూ ఉమ్మడిగా రాసుకున్న రోజున కార్మికుడి మనసు మారుతుంది.

చేయవలసినవి

మొదటిది, ఖతార్ రవాణా సంస్థల జాయింట్ కమిటీల్లో శిక్షణకు ప్రత్యేక ఉపసంఘం ఉండాలి. బస్సు డ్రైవర్లు, టాక్సీ డ్రైవర్లు, మెకానిక్‌లు, స్టేషన్ సిబ్బంది అన్న నాలుగు వర్గాలకూ అందులో చోటివ్వాలి. నలుగురే సభ్యులన్న పరిమితి దీనితో కొంతైనా తీరుతుంది.

రెండోది, మెంటార్లను యాజమాన్యం, ప్రతినిధులు కలిసి ఎంచాలి, ఆ బాధ్యతకు అదనపు భత్యం ఇవ్వాలి. తెలుగు డ్రైవరుకు తొలి వారాల్లో తెలుగు మాట్లాడే మెంటార్ దొరికితే అతను అడగడానికి జంకే ప్రశ్నలన్నీ అడుగుతాడు. భద్రతకు సంబంధించిన పాఠాన్ని అర్థమైనట్టు తలూపి సంతకం పెట్టే పరిస్థితి పోతుంది.

మూడోది, ఎండ, అలసట శిక్షణలో భాగం కావాలి. 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఆరుబయట పని నిషిద్ధం. తేమను, ఎండను కలిపి లెక్కించే వెట్ బల్బ్ గ్లోబ్ ఉష్ణోగ్రత (డబ్ల్యూబీజీటీ) 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాలి. డిపో ఆవరణలో పనిచేసే మెకానిక్‌కు, క్లీనర్‌కు ఈ హక్కును ఎలా వాడుకోవాలో నేర్పడం కూడా వృత్తి శిక్షణే.

నాలుగోది, సర్టిఫికెట్ కార్మికుడి చేతిలో ఉండాలి. ఎలక్ట్రిక్ బస్సు నడిపిన గంటలు, హైవోల్టేజీ భద్రత, మెంటార్‌గా చేసిన కాలం అందులో నమోదు కావాలి. కంపెనీ మారినా, దేశం తిరిగి వచ్చినా అది చెల్లాలి.

అయిదోది మన వైపు పని. హైదరాబాద్‌లో ఖతార్ వీసా కేంద్రం 2019 నుంచి ఉంది. వేలిముద్రలు, వైద్య పరీక్షలు, ఒప్పందం మీద సంతకం అక్కడే అవుతాయి. తెలంగాణ వైపు టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్ వైపు ఓంక్యాప్ విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపుతున్నాయి. ఈ సంస్థలు ఆర్టీసీ శిక్షణ కేంద్రాలతో కలిసి కుడి పక్క డ్రైవింగ్, ఎలక్ట్రిక్ బస్సు, జాయింట్ కమిటీలో ఓటు హక్కు అన్న మూడు అంశాలతో పాఠం తయారుచేయడం కష్టమేమీ కాదు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన డ్రైవర్లే ఆ పాఠానికి గురువులు కావాలి. మన రెండు రాష్ట్రాల్లో ఆర్టీసీలు ఎలక్ట్రిక్ బస్సుల వైపు వెళ్తున్న ఈ సమయంలో, లుసైల్ డిపోలో పనిచేసి వచ్చిన మెకానిక్‌ను కూలీ లెక్కన కాక నిపుణుడి లెక్కన తీసుకోవాలి.

యూనియన్ హక్కు లేని చోట జాయింట్ కమిటీ దానికి బదులు కాలేదు. ఆ హక్కు కోసం అడుగుతూనే ఉండాలి. అయితే ఆ రోజు వచ్చేదాకా డ్రైవరు ఖాళీగా కూర్చోనక్కర్లేదు. శిక్షణ మీద మాట్లాడే అధికారం అతనికి ఇవాళే చట్టంలో రాసి ఉంది. జీతం పెంపు మీద అంగీకారం కుదరని యాజమాన్యం కూడా ప్రమాదాలు తగ్గించడం మీద కాదనలేదు. ఉమ్మడి పని మొదలుపెట్టడానికి ఇంతకన్నా అనువైన చోటు మరొకటి లేదు. వచ్చే ఎన్నికల్లో జాయింట్ కమిటీకి నిలబడే ప్రతి తెలుగు కార్మికుడూ తన మొదటి మూడు డిమాండ్లలో శిక్షణను చేర్చాలి. మన ప్రభుత్వాలు, దోహాలోని మన తెలుగు సంఘాలు అందుకు కావలసిన సమాచారాన్ని తెలుగులో అతని చేతికి అందించాలి.